అనాస చెల్లె, అవ్వ పిల్లి

నిజామాబాద్ నర్సరీలో కొన్న మొక్కను అక్క బోధన్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నాకు ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు. దాని పేరు బ్రోమిలియాడ్. పొడుగాటి ఆకులు, నడుమ ఎర్ర పువ్వు, ఆకుల మొదట్లో నీళ్లు నిలిచే గుంట. మా అవ్వ, అంటే నాయనమ్మ, ఆ పేరు పలకడానికి ఒప్పుకోలేదు.

"అనాస చెట్టు లెక్కనే ఉన్నది. దాని చెల్లె అనుకో" అని తేల్చేసింది.

అవ్వకొక పిల్లి ఉంది. ఇంట్లో పాలు పొంగితే మొదటి వాటా దానిదే. ఒక ఆదివారం పొద్దున అది ఆకు కొస నమిలి, గుంటలో నీళ్లు తాగి, నేరుగా వెళ్లి అవ్వ చాప మీద కక్కింది.

"నా పిల్లికి మందు పెట్టినవ్ గదనే పోరీ!" అని అవ్వ అక్క మీద లేచింది.

మా దగ్గర మందు పెట్టడమంటే తిండిలో ఏదో కలిపి మనిషిని వశం చేసుకోవడం. పిల్లిని వశం చేసుకుని అక్క ఏం సాధిస్తుందో నేను అడగలేదు. తెచ్చింది విషపు చెట్టేమోనని ఆమె మొహం అప్పటికే పాలిపోయింది.

పశువుల డాక్టరుకు ఫొటో పంపి ఫోన్ చేశాను. ఆయన కోటగిరిలో ఎవరిదో బర్రె దగ్గరున్నాడు. స్పీకర్ పెట్టాను.

"గది అనాస జాతే తమ్మీ. పిల్లికి విషం గాదు. ఆకు పడక కక్కుతది, గడ్డి తిన్నా కక్కుతది గద. గని ఆ నీళ్లల్ల మందు గిట్ల ఏసిండ్రా?"

"సూడు, డాక్టరు గూడ గదే అంటుండు!" అంది అవ్వ.

పేపరు చదువుతున్న బాపు, అంటే మా నాన్న, తలెత్తాడు. "నేను దసరా సంది ముట్టలే."

ఆయన్ని ఎవరూ అడగలేదు.

"ఆ మందు కాదు బాపూ, ఎరువు" అన్నాను.

బాపు పేపరు మడిచాడు. మాకు కాలువ కింద చెరుకు ఉంది. పచ్చగా ఏది కనిపించినా ఆయన చెయ్యి యూరియా బస్తాలోకి పోతుంది.

"నిన్న జరంత యూరియా ఏసిన" అన్నాడు.

"యాడ? మట్టిలనా, నడిమిట్లనా?" డాక్టరు అరిచాడు. వెనక బర్రె కూడా అరిచింది.

బాపు గుర్తు తెచ్చుకునేలోపు అవ్వ పిల్లిని కొంగులో చుట్టేసింది.

"మట్టిలనే సారూ. చెరుకుకైనా మొదట్ల ఏస్తం గని నెత్తి మీద పోస్తమా?" అన్నాడు బాపు.

"అయితే ఫికర్ లేదు. ఎందుకైనా మంచిది, ఆ నీళ్లు పారబోసి కడుగుండ్రి, పైమట్టి తీసెయ్యుండ్రి. మళ్ల కక్కినా, సుస్తుగ పడుకున్నా పట్కరాండ్రి."

అక్క ఏడుస్తూనే కడిగింది. పిల్లి రోజంతా పడుకుంది. రోజూ పడుకునేదే కాబట్టి సుస్తు ఏదో అలవాటు ఏదో తేల్చలేకపోయాం. సాయంత్రం అది లేచి నా పెరుగన్నంలో మూతి పెట్టింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. నేను మళ్లీ అన్నం పెట్టించుకున్నాను.

ఇప్పుడు యూరియా బస్తాకు గడప దాటే అనుమతి లేదు. పిల్లి తన గిన్నెను వదిలేసి ఆ గుంటలోనే తాగుతుంది. పొద్దున్నే పాత నీళ్లు వంచి కొత్తవి పోసేది అవ్వే.

"చెట్టు మీద ప్రేమ వుట్టిందా అవ్వా?" అని అడిగాను.

"చెట్టుకెవడు పోస్తుండ్రా? పిల్లికి."

మొక్క మాత్రం ఏపుగా ఉంది. నీళ్లు పోయడం అక్క ఎప్పుడో మానేసింది.