నాన్న చొక్కా సంచి

మా ఇంట్లో సూది ఒక్కటే ఉండేది. అది కాలిలో ముల్లు తీసుకోవడానికి. దానితో బట్ట కుట్టిన చెయ్యి మా ఇంట్లో లేదు. బట్ట చిరిగితే అమ్మ ముడి వేసేది, ముడికి లొంగకపోతే పిన్నీసు గుచ్చేది. టైలర్ దగ్గరికి పోవచ్చు కదా అంటారేమో. టైలర్ పై వీధిలో ఉండేవాడు. మేము కింద వీధి వాళ్ళం.

గురజాల చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టినవాళ్ళకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఎనభైల్లో మా ఊరు రెండు పార్టీలు. నేను అయిదో తరగతిలో ఉండగా పై వీధి వాళ్ళు మా నాన్నను కంది చేలో గొడ్డళ్ళతో నరికారు. నేను శవాన్ని చూశాను. చూడొద్దని ఎవరూ అడ్డం రాలేదు, అందరూ ఏడవడంలో ఉన్నారు. ఆ రోజు నుంచి కింద వీధి ఆడవాళ్ళు పై వీధి టైలర్ దగ్గరికి జాకెట్టు ముక్క కూడా తీసుకుపోలేదు. టీ కొట్టు వేరు, మంగలి వేరు. బడి ఒకటీ, రోడ్డు మీద సాయిబు మామ సైకిల్ షాపు ఒకటీ, ఈ రెండే రెండు వీధులకూ కలిపి ఉండేవి. సైకిలుకు పార్టీ లేదనేవాడు మామ.

నాన్న పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర లారీ తోలేవాడు. ఆయనకు ఖాకీ చొక్కాలు రెండు. ఒకటి నెత్తురు గడ్డకట్టి బాబాయి ట్రంకు పెట్టెలో ఉంది. నరికినవాళ్ళలో మొదటి వేటు వేసినవాడి ప్రాణం తీసేదాకా దాన్ని ఉతకకూడదని బాబాయి ఒట్టు. రెండోది దండెం మీద వేలాడుతూ ఉండేది. రెండేళ్ళయినా దాని కాలరులో సున్నం వాసన పోలేదు.

ఏడో తరగతికి నాకు పుస్తకాలు యూరియా సంచిలో మోసుకుపోవడమే గతి అయింది. పై వీధి పిల్ల ఒకతి "ఎరువు మూట వచ్చిందే" అంటే పక్కనున్న చిన్నపిల్లాడి పలక లాక్కుని దాని నెత్తి పగలగొట్టాను. మాస్టారు నా చేతుల తోలు ఊడగొట్టారు. ఆ మంటలో ఇంటికొచ్చి, దండెం మీది చొక్కా లాగి నేల మీద పరిచాను. చూడగా చూడగా బుర్రలో వెలిగింది. ఎవడో మహానుభావుడు ముందే కుట్టిపెట్టాడు కదా! పక్కలు కుట్టి ఉన్నాయి. గుండీలు పెడితే ముందు భాగం మూసుకుంటుంది, పైవి రెండు విప్పితే అదే నోరు. చేతులు రెండూ కొసల్లో ముడేస్తే భుజాన వేసుకునే పట్టీ అవుతుంది. జేబు పెన్సిలుకు. అడుగు ఒక్కటి మూయగలిగితే చాలు, సంచి.

ఆ అడుగే నన్ను ఏడిపించింది. మైదా ఉడకబెట్టి పూశాను. ఎండి పెళుసై, మడిస్తే పటపటా రాలింది. తుమ్మ జిగురు నానబెట్టి పూశాను. అది ప్రేయరు దాకా ఆగి, సరిగ్గా అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఊడింది. పుస్తకాలన్నీ దబదబా కింద పడ్డాయి. మళ్ళీ చేతులు వాచాయి. నాకు పట్టుదల ఎక్కువ, ఓపిక సున్నా. ఏ జిగురైనా పూసిన వెంటనే అదిమి, వెంటనే లాగి చూసేదాన్ని.

చివరికి సైకిల్ షాపుకు పోయాను.

"మామా, కాస్త పంక్చర్ సొల్యూషన్ ఇయ్యవా?"

"ఏంది పిల్లా, నీకు సైకిలెక్కడిది?"

సంచి చూపించాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కాలరు మీద ఆయన వేలు ఆగిపోయింది. "మీ నాయన చొక్కా కదా ఇది" అన్నాడు. గరుకు కాగితం తీసి నా చేతికిచ్చి, పాత ట్యూబు ముక్కను పట్టీలా కోసి రుద్దమన్నాడు. రుద్దాను. సొల్యూషన్ రాయించాడు. నేను టక్కున అంటించబోతే నా చేతి మీద ఒక్కటి వేశాడు. "ఆగవే! ఆరనియ్యి. తడి మీద అంటిస్తే ఏదీ నిలవదు." ఆరేలోపల ఎర్ర ట్యూబు ముక్కతో పువ్వొకటి కోసి జేబు మీద అంటించాడు. అడుగు ఎడమ సగం పూర్తయ్యేసరికి సొల్యూషన్ అయిపోయింది. మాచర్ల నుంచి సరుకు వచ్చాక రెండో సగం వేద్దాం, అప్పటిదాకా వాడొద్దన్నాడు. నేను ఆగుతానా? ఇంటికి పోయి కుడి సగం తుమ్మ జిగురుతో మూసేసి, మర్నాడే బడికి వేసుకుపోయి అందరికీ పువ్వు చూపించాను.

ఆ మర్నాడు పొద్దున అమ్మ కూలికి పోయింది. బాబాయి నా పుస్తకాలు బయటికి తీసి, సంచిలో తవుడు పోస్తున్నాడు. తవుడు మధ్య నాలుగు నాటు బాంబులు పేర్చాడు, పురికొస చుట్టినవి, దెబ్బ తగిలితే పేలేవి. పైన మళ్ళీ తవుడు, దాని మీద నా లెక్కల పుస్తకం.

"అన్న చొక్కా అన్న పనికే పోవాల" అన్నాడు. వాడికప్పుడు ఇరవై రెండేళ్ళు. నాన్నను నరికినవాడు ఆ రోజు గురజాల కోర్టులో వాయిదాకు పోయాడట, మధ్యాహ్నం బస్సుకు దిగుతాడట. రోడ్డు మీద పోలీసు పికెట్టు. మగవాళ్ళను సోదా చేస్తున్నారు, బడిపిల్లలను చెయ్యరు. "బడికి పోయినట్టే పో. బడి దాటినాక మోటారు షెడ్డు కాడ మనోళ్ళుంటారు. ఇచ్చేసి రా."

"అడుగు ఊడుద్ది బాబాయ్."

చెంప మీద కొట్టాడు. ముక్కు లోంచి నెత్తురు కారింది. "ఊడకుండా పట్టుకో! ఎవురి కోసమే ఇదంతా? మీ నాయన కోసం కాదా?"

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ మాటకు నేను ఒప్పుకున్నాను. ఆ మనిషి చావాలని నాకూ ఉంది. ముక్కలు ముక్కలై చావాలని ఎన్ని రోజులు పడుకునే ముందు దేవుణ్ణి అడిగానో. నెత్తురు పావడాకు తుడుచుకుని సంచి ఎత్తుకున్నాను.

భుజాన వేసుకోలేదు. పొట్టకు ఆనించి, అడుగున రెండు చేతులూ పెట్టి నడిచాను. ఎండ. భయానికి అరచేతులు చెమట కారుతున్నాయి. తుమ్మ జిగురు తడికి కరుగుతుంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. కుడిచేతి కింద అతుకు జారుతున్నట్టు వేళ్ళకు తెలుస్తోంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా చెమట. పికెట్టు దగ్గర కుర్చీలో కూర్చున్న పోలీసు, "ఏంది పాపా, అంత గట్టిగా పట్టుకున్నావ్, బంగారమా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు.

పికెట్టు దాటి ముప్పై అడుగులు వేస్తే సైకిల్ షాపు. అక్కడికి వచ్చేసరికి కుడి సగం నోరు తెరిచింది. నా పాదం మీద తవుడు రాలింది. చిటికెడే. మా ఊళ్ళో సంచి లోంచి తవుడు రాలితే అది గేదెల కోసమని ఎవరూ అనుకోరు. మామ నా పాదం చూశాడు, నా ముక్కు కింద నెత్తురు చూశాడు. చేతిలోని చక్రం పక్కన పెట్టి లేచాడు.

"ఏం పిల్లా, అతుకు ఊడిందా? ఇటు తే, అంటిస్తా!" అని పికెట్టుకు వినబడేలా అన్నాడు. దగ్గరికొచ్చాక గొంతు తగ్గించి, "చెయ్యి తియ్యమాక. నాతోపాటే రా" అన్నాడు.

నా చేతుల కింద ఆయన చేతులు పెట్టాడు. ఇద్దరం ఒకే అడుగు వేస్తూ, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి దాకా పోయాం. సంచిని మోచేతుల దాకా నీళ్ళలోకి దించాం. కుడి సగం పూర్తిగా విడిపోయింది. తవుడు పైకి తేలింది, లెక్కల పుస్తకం తేలింది. నాలుగు ఉండలూ తొట్టి అడుగున కూర్చుని బుడగలు వదిలాయి. మామ ట్యూబును చూసినట్టే, ఆఖరి బుడగ ఆగేదాకా రెప్ప వేయకుండా చూశాడు. తర్వాత తొట్టి మీద గోనె కప్పాడు. నేను బడికి పోలేదు, షాపులోనే కూర్చున్నాను.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. నాన్నను నరికినవాడు దిగి, చేతిలో అరటిపళ్ళ అత్తంతో మా ముందు నుంచే ఇంటికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. వాడు బతికినందుకో, నేను బతికినందుకో, ఇప్పటికీ తేల్చుకోలేను.

బస్సు కదిలిన కాసేపటికి బాబాయి వచ్చాడు. గోనె ఎత్తి చూసి, మామను కాలరు పట్టుకుని షాపు వెనక్కి ఈడ్చాడు. నేను వెంటపడి బాబాయి చెయ్యి కొరికాను. కాలితో తన్నితే గోడకు పోయి పడ్డాను. రిమ్ములు సరిచేసే రాయి మీద మామ కుడిచెయ్యి పెట్టించి, మామ సుత్తితోనే కొట్టాడు. ఒకసారి కాదు. నాలుగు బాంబులకు నాలుగు దెబ్బలన్నాడు.

మామ అరవలేదు. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళు తేలేస్తున్నా నా వైపే చూశాడు. అరిస్తే పికెట్టు వాళ్ళు వస్తారు. వస్తే తొట్టి చూస్తారు. సంచి ఎవరిదంటారు. జేబు మీద ఆయన అంటించిన ఎర్ర పువ్వు, బడిపిల్లలందరికీ తెలుసు అది ఎవరిదో. నా కోసం నోరు మూసుకున్నాడు. ఎముకలు విరిగిన చప్పుడు మాత్రం నేను విన్నాను.

సాయంత్రం అమ్మ కూలి నుంచి వచ్చి సంగతి విన్నది. రోకలి తీసి బాబాయి భుజం మీద కొట్టింది. వాడు పడ్డాక కూడా కొట్టింది. "నా బిడ్డ చేతికిస్తావురా? నా బిడ్డ చేతికి!" ఆ తర్వాత ట్రంకు పెట్టె తాళం బద్దలుకొట్టి, నెత్తురు చొక్కా తీసి, వాకిట్లో బండ మీద వేసి ఉతికింది. నీళ్ళు ఎర్రగా కాదు, టీ రంగులో పోయాయి. బాబాయి నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడే కానీ అమ్మను ఆపలేదు.

నాలుగో రోజు ఆరబెట్టిన సంచి తీసుకుని షాపుకు పోయాను. ఎడమ సగం చెక్కుచెదరలేదు. మామ చేతికి మణికట్టు దాకా కట్టు. రిమ్ము కొడుతుంటే సుత్తి జారిందని రెండు వీధుల వాళ్ళకూ చెప్పాడు. తొట్టిలో ఉండలు లేవు, కొత్త నీళ్ళున్నాయి. మాచర్ల నుంచి సరుకు వచ్చింది.

"రుద్దు" అన్నాడు. రుద్దాను. "రాయి." రాశాను. అదమబోయాను.

"ఆరనియ్యి."

"ఎంతసేపు మామా?"

"ఏలితో తాకి చూడు. అంటుకోకపోతే ఆరినట్టు."

ఎలా తాకాలో చూపించబోయి కుడిచెయ్యి లేపాడు. కట్టు కనబడి ఆగాడు. ఎడమచేత్తో నా వేలు పట్టుకుని అతుకు మీద పెట్టాడు.