ప్రభువు బల్ల మీద బజారు రొట్టె

నేను పాదిరిగా ఉన్న రోజుల్లో మా సంఘం కూడుకునే గది యాకుత్‌పురా స్టేషన్ వెనక ఉండేది. పైన రేకుల కప్పు. రైలు వచ్చినప్పుడు ప్రసంగం ఆపి, అది వెళ్ళాక అందుకునేవాణ్ణి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రైల్వేలో కూలీలు, ఫిట్టర్లు. మిగిలినవాళ్ళు చెప్పులు కుట్టుకుని బతికేవాళ్ళు. అందరూ జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని పట్నం వచ్చినవాళ్ళే. సొంత ఊళ్ళలో వీళ్ళవి రెండు వేరువేరు వాడలు. ఊరి బావి రెండు వాడలనూ దూరంగానే ఉంచింది. అయినా ఒక వాడ ఇంటి నీళ్ళు ఇంకో వాడ ముట్టేది కాదు. కులాల పేర్లు రాయను, చదివేవాళ్ళకు తెలుసు. తాము ఒక మెట్టు పైన ఉన్నామనుకునే వాడలోనే నేనూ పుట్టాను.

నెలకొకసారి ప్రభువు బల్ల ఉండేది, క్రీస్తు చివరి విందుకు గుర్తుగా అందరం ఒకే రొట్టె విరుచుకుని తినేవాళ్ళం. ఆ రొట్టెను సంఘంలోని స్త్రీలు వంతుల వారీగా చేసేవారు. గోధుమపిండి పులియబెట్టకుండా పెంక మీద కాల్చి, ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చేవారు. వచ్చే నెల వంతు ఎవరిదో నేను అందరి ముందూ ప్రకటించేవాణ్ణి. ఆ ఆదివారం ఆ ఇంటావిడ నడకే వేరుగా ఉండేది. చెప్పులు కుట్టేవాళ్ళ ఇళ్ళకు మాత్రం ఆ వంతు ఎన్నడూ రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అడిగింది ఒకామె. ఛత్రినాకలో ఉండేది. భర్త ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, నా వంతు ఎప్పుడొస్తది? పిండి నేనే తెచ్చుకుంట. రొట్టె మంచిగనే చేస్త," అంది.

"చూద్దామమ్మా," అన్నాను.

ఆ సాయంత్రం సంఘ పెద్దను పిలిచి అడిగాను. ఆయన రైల్వే షెడ్డులో ఫిట్టరు. మా గదికి రేకులు వేయించింది కూడా ఆయనే.

"మీకు తెల్వంది కాదు అయ్యగారూ. ఆమె చేతి రొట్టె పెడితే సగం మంది లేస్తరు. లేసిన్రంటే మళ్ళ కూసుండరు."

"బల్ల ప్రభువుది కదా!"

"బల్ల ప్రభువుదే. పొట్టలు మనయి గద!" అని నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎవరినీ నొప్పించని ఉపాయం ఒకటి నాకు తోచింది. ఇకనుంచి రొట్టె ఏ ఇంటి నుంచీ రాదు, మొఘల్‌పురాలోని నాన్ దుకాణం నుంచి తెప్పిస్తామని ప్రకటించాను. ఇళ్ళలో స్త్రీలకు శ్రమ తగ్గుతుందని కారణం చెప్పాను. అందరూ సంతోషించారు. బజారు నాన్ పులిసిన పిండితో చేస్తారని ఒక్క ముసలాయన గొణిగాడు తప్ప, ఎవరి చేతితో చేస్తారని ఎవరూ అడగలేదు. ఆ దుకాణం సాయిబు చేతి రొట్టెకు రెండు వాడల్లోనూ అభ్యంతరం లేకపోయింది.

ఆ సాయిబుకే వింతగా అనిపించింది. "క్యా పాద్రీ సాబ్, మీ ఇండ్లల్ల పెంకలన్నీ పగిలినయా? దేవుని పనికి గూడ బజార్ రొట్టేనా?" అన్నాడు, పొయ్యిలోంచి నాన్ పైకి లాగుతూ.

"నీ నాన్ అంటే మా వాళ్ళకు మస్తు ఇష్టం భాయ్," అన్నాను.

"అబద్ధం గూడ మంచిగ చెప్తరు మీరు," అని నాన్ కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ నెల బల్ల దగ్గర ఐక్యత గురించే ప్రసంగించాను. ఒకే రొట్టె, ఒకే దేహం అని గొంతెత్తి చెప్పాను. పళ్ళెం వరసలో కదిలింది. ఛత్రినాక ఆమె దాన్ని రెండు చేతులా అందుకుంది, చూసింది, తీసుకోకుండా పక్కామెకు ఇచ్చింది. మరుసటి నెలా అంతే. ఆ పై నెలా అంతే. ఆరాధన ఒక్కటీ మానలేదు, రొట్టె మాత్రం తీసుకోలేదు. నా చేతిలో బాప్తిస్మం పొందిన మనిషి నా ఎదుటే బల్లకు దూరమైపోతోంది. నాకు నిద్ర పట్టలేదని రాయడం సులభం. నిజానికి పట్టింది. అయినా ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళాను.

ఎండాకాలం. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. దాహం లేదన్నాను. అంత ఎండలో నడిచి వచ్చిన మనిషికి దాహం లేకపోవడమేమిటో ఆమె అడగలేదు. చెంబు లోపల పెట్టి వచ్చింది.

"నా మీద కోపమా అమ్మా?"

"కోపమెందుకు అయ్యగారూ? సాయిబు మంచోడే, ఆయన రొట్టె తినడానికి నాకేం రంది లేదు. గానీ అది తింటే, నా చెయ్యి పనికిరాదన్న మాటకు నేను గూడ ఊ కొట్టినట్టైతది గద!"

అరుగు మీది నుంచి ఆమె భర్త తలెత్తకుండానే అందుకున్నాడు. "పాదిరయ్య కాళ్ళకున్నయి నేను కుట్టినయే. కాళ్ళకాడ లేని లొల్లి నోటికాడ ఏందో!"

"నువ్వు ఊకో," అని ఆమె కసిరింది. నేను ఆ చెప్పులే తొడుక్కుని ఇంటికి వచ్చాను. వచ్చి ఏమీ చెయ్యలేదు. సంఘం చీలిపోకుండా కాపాడుతున్నానని అనుకునేవాణ్ణి. చీలిక ఆమెలో ఉన్నంతవరకు నాకు చీలికలా కనపడలేదు. అలాగే ఏళ్ళు గడిచాయి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ధాన్యానికి రేషన్ పెట్టారు. మైదా దొరకక నాన్ దుకాణం మూతపడింది. బల్ల రోజు దగ్గరపడుతోంది. ఎవరింట్లో చూసినా జొన్నలే ఉన్నాయి. జొన్న రొట్టె అయినా సరే అనుకున్నాక నాకు మళ్ళీ ఒక ఉపాయం తోచింది. ఈ కొరతలో రొట్టె ఎక్కడిదని ఎవరూ ఆరా తియ్యరు, ఆమె చేత చేయిస్తే ఆమె కోరికా తీరుతుంది, గొడవా ఉండదు. సంతోషంగా ఛత్రినాక వెళ్ళాను.

వింటుంటే ఆమె ముఖంలో వెలుగు వచ్చింది.

"రేపు ఆదివారం అందరి ముంగట చెప్తరా?"

"చెప్పను. ఎవరు చేశారో ఎవరికీ తెలియనివ్వను. నీకు ఫికర్ వద్దు."

ఆ వెలుగు పోయింది. "చెప్పకుంటే నేనెందుకు చెయ్యాలె అయ్యగారూ? దొంగ రొట్టెనా అది? వద్దని అందరికీ తెల్సేటట్టే చేసిన్రు. రమ్మని గూడ అట్లనే చెప్పుండ్రి."

నేను తెచ్చింది ఆమె కోరిక కాదని, నా పాత పిరికితనమేనని అప్పుడు తెలిసింది.  

ఆదివారం ప్రసంగం చెయ్యలేదు. బల్ల ముందు నిలబడి, నాన్ దుకాణం నుంచి రొట్టె ఎందుకు తెచ్చానో చెప్పాను. శ్రమ తగ్గించడానికన్నది అబద్ధమని చెప్పాను. ఆ ఇంట్లో చెంబు నీళ్ళు ముట్టకుండా వచ్చానని కూడా చెప్పాను. చివరికి వచ్చే బల్లకు రొట్టె వంతు ఆమెదని ప్రకటించాను.

సంఘ పెద్ద లేచాడు. ఆయన మొహం ఎర్రబడింది. "గిన్నేండ్లు నడిపిచ్చింది మీరు. ఇయ్యాల తప్పు మా నెత్తిన పెడతరా?"

"ఆ మాట నిజం. నడిపించింది నేనే. అడిగిన రోజే పిలిచి ఉంటే, లేచి వెళ్ళేవాళ్ళు అప్పుడే లేచి వెళ్ళేవాళ్ళు. కూర్చునేవాళ్ళు కూర్చునేవాళ్ళు. నేనే మీకు ఆ అవకాశం ఇవ్వలేదు."

బల్ల రోజున గదిలో సగం చాపలు ఖాళీ. కొందరు ఇంకో సంఘానికి వెళ్ళిపోయారు, తిరిగి రాలేదు. సంఘ పెద్ద తన భార్యను గుమ్మం దగ్గర దింపి బయట చెట్టు కింద నిలబడ్డాడు. ఛత్రినాక ఆమె జొన్న రొట్టె తెచ్చింది. ఒక పక్క మాడింది. నేను విరుస్తుంటే పొడి రాలింది. పళ్ళెం తిరిగింది. ముందు వరసలో ఇద్దరు తీసుకోకుండా అందించారు. సంఘ పెద్దగారి భార్య కాసేపు పట్టుకుని, చిన్న తునక తీసుకుంది. చివరికి ఛత్రినాక ఆమె దగ్గరికి వెళ్ళింది. ఆమె తీసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలింది. రొట్టె ఉప్పగా ఉంది.

అందరూ వెళ్తుంటే గుమ్మం దగ్గర సంఘ పెద్దగారి భార్య ఆమెను ఆపింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను అంతకుముందు వినలేదు.

"ప్రభువు రొట్టెల ఉప్పెయ్యరు అక్కా."

"నాకు తెల్వది. ఎవ్వరు చెప్పలే."

చెప్పవలసినవాణ్ణి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

బయటి నుంచి సంఘ పెద్ద భార్యను కేకేశాడు. "ఇగ నడుస్తవా లేదా?"

"వస్తున్న! గింతసేపు ఆగరాదూ!" అని భార్య అక్కడి నుంచే అరిచి, మళ్ళీ ఇటు తిరిగింది. "పెంక మస్తు కాగినంక మంట తగ్గియ్యాలె, లేకుంటే గిట్లనే మాడుతది."

ఆయన ఆ రోజు లోపలికి రాలేదు. ఆ తరువాత కూడా చాలాకాలం చెట్టు కిందే నిలబడ్డాడు. నేను వెళ్ళి పలకరిస్తే పలికేవాడు, రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు. ఆయన అక్కడ నిలబడిన కాలానికి దేవుని ముందు జవాబు చెప్పుకోవలసింది నేనే.