ఎదురుముడి

వడదెబ్బ తగిలి ఇస్తారి చనిపోయినప్పటి నుంచి అతని పుట్టి ఒడ్డున బోర్లించే ఉంది. నీళ్లలోకి దింపడానికి మత్స్య సంఘం వాళ్లు ఒప్పుకోలేదు. సభ్యుడు ఇస్తారే తప్ప అతని భార్య సిద్దమ్మ కాదు. సభ్యుడు పోయాక ఆ ఇంటికి చెరువు మీద హక్కు లేదన్నారు. ఆమె మళ్లీ వల వేయాలంటే సభ్యత్వం కావాలి. అది రావాలంటే మగవాళ్లతో పాటు చేతిపని పరీక్షకు నిలబడాలి.

లాల్‌గడి మలక్‌పేట్ దాటి మట్టిబాటన కొంతదూరం పోతే వచ్చే చిన్న చెరువు అది. అవతలి ఒడ్డున ప్లాట్ల హద్దురాళ్లు ఏటికేడు నీళ్లలోకి దిగి వస్తున్నాయి. ఇవతలి ఒడ్డున పుట్టులు, ఆరేసిన వలలు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి సిద్దమ్మకు ఇక్కడే తెల్లవారింది. తెడ్డు వేసింది, వల గుంజింది, చేపలు మేడ్చల్ దాకా మోసుకుపోయి అమ్మింది. చలికాలం నడుంలోతు నీళ్లలో నిలబడడానికి ఆడమనిషి పనికొచ్చింది. సంఘంలో పేరు రాసుకోవడానికి మాత్రం పనికిరాలేదు. దీన్ని ఆచారమంటారు. దీనికి సరైన పేరు దోపిడీ.

కూతురు వినోద కుత్బుల్లాపూర్‌లో ఉంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా వచ్చెయ్యమనేది, తను పని చేసే కంపెనీలోనే ఊడ్చే పని ఇప్పిస్తాననేది. సిద్దమ్మ జవాబు ఎప్పుడూ ఒకటే.

"గక్కడ అన్నీ గోడలే బిడ్డా. నీళ్లు కానరాకుంటె నాకు పొద్దు పోదు."

ఇస్తారి, సిద్దమ్మల వల రెండు ముక్కలు. ఒక్కటిగా ఉంటే బరువు మోయలేరు. నడి చెరువులోకి వెళ్లాక రెండు ముక్కల పైతాళ్లనూ కలిపి ముడివేసేవాళ్లు. పుట్టిలో ఎదురెదురుగా కూర్చుని, సిద్దమ్మ తన కొసను ఇస్తారి తాడు చుట్టూ తిప్పి ముడివేసేది. ఇస్తారి తన కొసను ఆమె తాడు చుట్టూ తిప్పి ముడివేసేవాడు. ఇద్దరూ వెనక్కి గుంజితే రెండు ముళ్లూ జరుగుతూ వచ్చి ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకునేవి. ఎంత చేప పడ్డా ఊడేది కాదు. విప్పాలంటే రెండు ముళ్లనూ ఎడంగా లాగితే చాలు. దాన్ని ఇస్తారి ఎదురుముడి అనేవాడు. కొట్లాడుకున్న పొద్దున కూడా ఆ ముడి పడాల్సిందే. మొహాలు చూసుకోకుండా కొసలు మాత్రం అందించుకునేవాళ్లు.

పరీక్ష పెట్టడానికి మత్స్యశాఖ నుంచి నవ్యశ్రీ అనే ఆఫీసరమ్మ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి మేడ్చల్‌లో కొత్త కాలనీలో ఉంటున్న పిల్ల. సిద్దమ్మ పుట్టి నడిపింది, వల విసిరింది. ఎవరూ వంక పెట్టలేకపోయారు. చివరిది తాడు పని. రెండు తాళ్లు కలిపి ముడివేయాలి, ఇద్దరు మనుషులు గుంజితే అది నిలవాలి.

సిద్దమ్మ నేల మీద కూర్చుంది. తన ముడి వేసి బిగించింది. రెండో తాడు కొస పట్టుకుని చెయ్యి ముందుకు చాపింది. ఎదురుగా బురద తప్ప ఏమీ లేదు. చెయ్యి అలాగే ఉంది.

"ఎవలకు అందిస్తున్నవ్ వదినా? అన్న అస్తడా ఏంది?" అన్నాడు మల్లేశం. అతను సంఘం పెద్ద, ఇస్తారికి వరసకు తమ్ముడు.

నవ్వు లేచింది. సగంలోనే ఆగిపోయింది. మల్లేశం కూడా తల దించుకున్నాడు.

సిద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గబగబా రెండో ముడి వేసింది కానీ మొదటి తాడును అందులోకి తీసుకోలేదు. ఇద్దరు గుంజేసరికి తాళ్లు జారి చెరోపక్క పడ్డాయి.

మగవాడికైనా ఇదే మాట చెప్తామనీ, మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు రావచ్చనీ మల్లేశం అన్నాడు. అది ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. నవ్యశ్రీ మాత్రం తాళ్లు తీసి సిద్దమ్మ ముందు పెట్టింది.

"ఇంకోసారి కట్టండమ్మా. తొందరేం లేదు."

సిద్దమ్మ చాలాసేపు తాడు ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ ఆ రెండో ముడిని ఎదుటి నుంచి చూసింది, వేసింది లేదు. చివరికి తన ముడి వేసింది. లేచి, తాడు చుట్టూ నడిచి, అవతలి పక్కకు పోయి కూర్చుంది. ఇప్పుడు ఆమె ఎదురుగా తాను కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. ఇస్తారి బొటనవేలు తాడు కింద ఎట్లా దూరేదో తన బొటనవేలు అట్లా పెట్టింది. తిప్పింది. కొస లాగింది.

"గుంజుండ్రి," అంది.

ఒక పక్క సంఘం మనిషి పరమేష్, ఒక పక్క మల్లేశం పట్టుకున్నారు. ముళ్లు రెండూ జరిగి ఆనుకున్నాయి. మల్లేశం మడమలు నేలకు తన్ని ఇంకోసారి గుంజాడు. కక్షతో కాదు, అతనికీ పని అంటే పనే. తాడు కదల్లేదు.

"పడ్డది," అని వదిలేశాడు.

సిద్దమ్మ పేరు సంఘంలో చేరింది. కానీ వల వేయడం జంట పని. జతకు రమ్మని ఆమె ఒక్కొక్క ఇంటికీ పోయి అడిగింది. మొగుడు పోయిన మనిషి ఎదురైతేనే ఆ పూట వల ఖాళీ అని నమ్మేవాళ్లు ఒకే పుట్టిలో ఎట్లా కూర్చుంటారు? ఒకరు నడుం నొప్పి అన్నారు, ఒకరు గౌడవెల్లిలో కూలి దొరికిందన్నారు. చెరువు మీద హక్కు ఇచ్చినవాళ్లు పక్కన మనిషిని ఇవ్వలేదు.

ఇప్పుడామె ఎదురుముడి ఒడ్డునే వేసుకుంటుంది. ఇటు కూర్చుని ఒకటి, అటు పోయి కూర్చుని ఒకటి. మోయలేని వలను పుట్టి దాకా ఈడ్చుకుపోతుంది. ఇస్తారి కూర్చునే పక్కన ఒక రాయి పెట్టుకుంటుంది.

ఒక పొద్దున మల్లేశం పక్క నుంచి పోతూ అడిగాడు.

"గా రాయెందుకు వదినా, బరువు?"

"వల గుంజేటప్పుడు ఒరగకుండ."

అతను తలూపి తెడ్డు వేసుకుంటూ పోయాడు. ఇస్తారి పోయిన నాటిలాగే ఎండ ముదిరింది. సిద్దమ్మ గోనెసంచిని నీళ్లలో ముంచి, పిండి, రాయి మీద కప్పింది.