ఉలి జారిన రేకు

బందరులో అద్దకం అచ్చులు చెక్కే బాబాయిగారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం, నేను గుడివాడలో కాలేజీకి బయల్దేరుతుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న పోయారక్కా. మొన్న కూడా అడిగారు, మీ పుస్తకం ఎందాకా వచ్చిందో అని" అంది. ఆ రెండో మాట విని భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టేశాను. ఆయన నాకు చుట్టం కాదు. పన్నెండేళ్ళు నాకు పాఠం చెప్పిన మనిషి. నేను ఆయనకు చేసింది దాచి ఆయన మంచితనం గురించి మాత్రమే రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. నా పరిశోధన మధ్యయుగపు పర్షియా మీద. అక్కడి చేతిపనులు, పనివాళ్ళ బతుకులు, ఆ దేశపు లతలూ, కోసుగా పెరిగే సైప్రస్ చెట్లూ ఓడలెక్కి మన బందరు అద్దకం గుడ్డల మీదికి వచ్చిన తీరు. మొదటిసారి వెళ్ళి ఇదంతా చెబితే ఆయన టేకు చెక్క మీంచి తలెత్తకుండానే అడిగారు. "మరి అక్కడి పనోళ్ళు ఏ కర్ర చెక్కేవారమ్మా? కూర్చునా, నించునా?"

నా దగ్గర రాజులున్నారు, వర్తకులున్నారు. ఆ కర్ర చెక్కే మనిషి కోసం మళ్ళీ పుస్తకాలు తిరగేశాను. వెతికి వెతికి, అక్కడ బేరిచెట్టు కర్ర వాడతారని చెబితే, "మెత్తగా తెగుద్ది కాబోలు" అని మురిసిపోయారు.

గీత వేయడానికి ఒక అచ్చు, లోపల రంగు నింపడానికి దాని జత ఇంకొకటి. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. పని అయ్యాక పొట్టు ఊదేసి అచ్చుని బుగ్గకి ఆనించి చూసేవారు. ఎందుకని అడిగితే, "వేళ్ళు కాయలు కాసినయ్యమ్మా, వాటికేం తెలుస్తుంది" అన్నారు. అక్కడి కుమ్మర్లు కొందరు గిన్నెల మీద తమ పేరు రాసుకునేవారని నేను చెప్పిన రోజు ఉలి కింద పెట్టేశారు. "పేరే! మేం చెక్కితే గుడ్డ మీద పడుద్ది, షావుకారు ఊరుకుంటాడా?" అని చాలాసేపు నవ్వారు.

ఆ తర్వాత బందరులోనే, మూతపడిన ఒక అద్దకం షెడ్డులో నాకొక నల్లబడ్డ అచ్చు దొరికింది. నడుమ సైప్రస్, చుట్టూ పూలు. ఒక పువ్వులో నాలుగో రేకు కాస్త పక్కకి వంగింది. ఆయన్ని అడగాలని తోచలేదు. చదువుకున్నదాన్ని కదా! పర్షియా నుంచి వచ్చిన పనివాడెవరో చెక్కాడని, పరిపూర్ణత దేవుడిదేనన్న వినయంతో ఆ రేకుని కావాలనే వంచాడని రెండు పేజీలు రాశాను. వ్యాసం పత్రికలో వచ్చింది. అచ్చు ఒక ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలోకి వెళ్ళింది.

గొప్పగా ఫోటో తీసుకెళ్ళి, నేను రాసిందంతా చెప్పి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని చూసి నవ్వారు.

"ఇది నాదే కదమ్మా. పెళ్ళికి ముందు చెక్కింది. ఇదుగో, ఇక్కడ ఉలి జారింది. ఆ రోజు జొరంతో కూర్చున్నా."

నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "నీ ఉద్యోగానికేమన్నా ఇబ్బందా?"

"ప్రమోషన్ ఫైలు నడుస్తోంది బాబాయిగారూ. అదయ్యాక దిద్దేస్తాను."

"అట్టాగే కానియ్యమ్మా."

ప్రమోషన్ వచ్చింది. నాలుగేళ్ళు గడిచాయి. నేను దిద్దలేదు. ఆయన ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ప్రదర్శనశాలలో ఆ అచ్చుని ఒకసారి చూడాలనుందంటే మాత్రం తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పెట్టె ముందు నిలబడి చీటీ చదవమన్నారు. "పనివాడి పేరు తెలియదు" అని ఉంది. ఆయన పక్కనే ఉండగా పైకి చదివాను. ఆయన అద్దం మీద చెయ్యి వేయబోతే కాపలా మనిషి కేక వేశాడు, "పెద్దాయనా, ముట్టుకోకూడదండీ!" అని. చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని "తప్పయిపోయిందండీ" అన్నారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. పనివాళ్ళ పేర్లను చరిత్ర మింగేసిందని నా పుస్తకంలో ఒక అధ్యాయమంతా వాపోయాను. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆయన పోయిన పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి ఒక గుడ్డమూట నా చేతిలో పెట్టింది. "మీకిమ్మన్నారక్కా. దీని జత ఎక్కడుందో మీకు తెలుసన్నారు."

విప్పితే రంగు నింపే అచ్చు. అందులోనూ నాలుగో రేకు పక్కకి వంగి ఉంది. గీత జారిన చోటికి రంగు కూడా చేరాలని, ఆ తప్పు వెంటే శ్రద్ధగా చెక్కారు.

ప్రదర్శనశాలకూ పత్రికకూ ఉత్తరాలు రాశాను. చీటీ ఇంకా మారలేదు. ఇక్కడ నేను ఆయన పేరు రాయకపోవడం పాఠకులు గమనించే ఉంటారు. అది ముందు ఆ చీటీ మీద పడాలి. అంతవరకూ ఇంకోచోట రాసే అర్హత నాకు లేదు.

అచ్చు నా బల్ల మీద ఉంది. నిన్న ఆయనలాగే బుగ్గకి ఆనించి చూశాను. ఆ వంగిన రేకు దగ్గర కూడా ఎక్కడా గరుకు లేదు.