రాజ్యం ఆటోగ్రాఫ్ పుస్తకంలో మా అత్త పేజీ

బెజవాడలో మా సుగుణత్త చదివిన ఆడపిల్లల కాలేజీవాళ్ళు, తొలి బ్యాచ్‌ల విద్యార్థినుల వస్తువులన్నీ సేకరించి ఒక గదిలో భద్రపరిచారు. వాట్సాప్‌లో వాళ్ళు పంపిన ఫొటోల్లో ఒక ఆటోగ్రాఫ్ పుస్తకం అట్ట చూసి అత్త ముఖం మాడిపోయింది. అది ఆవిడ స్నేహితురాలు రాజ్యంది. రాజ్యం పోయాక ఆవిడ పిల్లలు కాలేజీకి ఇచ్చారట. ఫైనలియర్లో టెన్నికాయిట్ (రబ్బరు రింగు ఆట) డబుల్స్ ఫైనల్‌కి రాజ్యం రాలేదన్న కోపంతో అత్త అందులో ఒక మాట రాసింది. ఆ రోజు రాజ్యం వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చిందని ఆనక తెలిసింది. క్షమించమని అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు. "ఆ పేజీ చింపేసి రావాలే, నువ్వు తోడు రా," అంది. జీవితమంతా పిల్లలకి బుద్ధులు చెప్పిన హెడ్మిస్ట్రెస్, కాలేజీ సొత్తు చింపడానికి బయల్దేరింది!

కంకిపాడులో తొమ్మిదిన్నరకి బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. ముప్పావుగంటలో బెంజి సర్కిల్లో దిగాం. అక్కణ్ణుంచి ఆటోకి ఎనభై రూపాయలు. కాలేజీ పేరు చెప్పగానే డ్రైవరు అద్దంలోంచి అత్తని చూసి, "అడ్మిషన్‌కాండీ మామ్మగారూ?" అన్నాడు. మామూలుగా అయితే అతనికి రెండు అంటించేది. ఆ రోజు కిటికీలేని ఆటోలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది.

గది పదిన్నరకి తెరుస్తారు, ప్రవేశ రుసుం లేదు. లైబ్రేరియన్ మేరీగారు మా చేతులు కడిగించి లోపల కూర్చోబెట్టారు. హాస్టల్ మెస్ టోకెన్లు, రంగు వెలిసిన రిబ్బన్ బ్యాడ్జీలు, ఇళ్ళనుంచి వచ్చిన ఇన్‌ల్యాండ్ ఉత్తరాలు చూస్తుంటే నాకు ముచ్చటేసింది. అత్తకి అవేవీ కనపడలేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ దగ్గర ఆగింది.

'నమ్మినవాళ్ళని నట్టేట ముంచడం నీ దగ్గరే నేర్చుకోవాలి.' కింద సంతకం లేదు. పక్కన కాలేజీవాళ్ళు పెట్టిన చీటీ మీద, 'రాసినవారు: తెలియదు' అని ఉంది.

"సంతకం కూడా పెట్టలేదా నేను!" అని గొణిగింది అత్త.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం, చింపే పనే లేదు. పదత్తా," అన్నాను చెవిలో.

అత్త కదల్లేదు. మేరీగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. మూడోసారి అత్తే పిలిచింది. "మేరీగారూ, ఇది రాసింది నేనండి."

ఆవిడ కొత్త చీటీ, పెన్సిల్ ఇచ్చారు. ఆ గదిలో పెన్నులు వాడనివ్వరు.

"పెన్సిలైతే చెరిగిపోద్దండి," అని అత్త చీటీ పట్టుకుని వరండాలోకి నడిచింది. అక్కడ నా పెన్నుతో రాసింది: 'రాసింది నేను, సుగుణ. ఆ రోజు రాజ్యం నాన్నకి జబ్బు చేసింది. తెలిశాక కూడా నేను నోరు విప్పలేదు. తప్పు నాది.'

తప్పించుకుందామన్నది నేను, నిలబడింది ఆవిడ. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, మా అత్త మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. మీరూ వెళ్ళాలనుకుంటే ముందురోజే ఫోన్ చేయండి, అక్కడ చదివిన పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. నాలుగింటికి మూసేస్తారు కాబట్టి తెరవగానే వెళ్ళండి. 'రాసింది నేను' అన్న ఆ ఒక్క మాట పైకి అనడానికి మా అత్తకి గంటన్నర పట్టింది.