కాశమ్మ ఇంటి గది

పొద్దున దుకాణం తెరవగానే దర్జీ ముర్తుజా మిషన్‌కు నూనె వేసి, అత్తరు అద్దిన దూదిని చెవి మడతలో పెట్టుకుంటాడు. తాండూరులో పెళ్లికొడుకులంతా ఆయన కుట్టిన షేర్వానీలే వేసుకుంటారు; ఆయన మాత్రం పెళ్లి చేసుకోలేదు. తనలాగే మగవాళ్లనే ప్రేమించే స్నేహితులను ప్రతి ఆదివారం వికారాబాద్ స్టేషన్‌లో కలిసేవాడు. నలుగురూ ఒక బెంచీ మీద చేరగానే ఎవరో ఒకరు వచ్చి లేపేవారు. అందుకే 1983లో వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఇక దానికొక గది కావాలి.

అడిగిన వాళ్లంతా కాదన్నాక, ఒక మధ్యాహ్నం ముర్తుజా వికారాబాద్‌లో గొంగళ్లు అమ్మే కాశమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. పక్కనే ఆమెతో కలిసి ఉండే హన్మమ్మ ఉన్ని వడుకుతోంది.

"సంగమంటే ఏం సంగం? పత్తాలాటనా?" అంది కాశమ్మ, పేకాట రాయుళ్లేమోనని.

అబద్ధం చెబితే గది దొరికేది. కానీ మనసు విప్పి మాట్లాడుకోవడానికే అడుగుతున్న గది అది. కత్తెరతో కాయలు కాసిన వేళ్లు నలుపుకుంటూ ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

హన్మమ్మ చేతిలో కదురు ఆగిపోయింది. కాశమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది.

"నేను, గీమె ఎన్నేండ్లసందో ఒక్క గొంగట్లనే పంటున్నం, దర్జీ సాబ్. మీ సంగంల ఆడోళ్లను గూడ కూసోనిస్తరా?"

ముర్తుజా చేతులు జోడించాడు. "ముందు వరుసల్నే కూసోండ్రి, అక్కా."

"ఓయమ్మ, గీ మగోళ్ల ముచ్చట్లన్నీ ఇనాల్నా?" అని హన్మమ్మ నవ్వింది.

తిరుగు రైలులో ఆయన కూర్చోలేకపోయాడు. తలుపు దగ్గరే నిలబడి, తాండూరు దాకా తనలో తానే నవ్వుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు ముర్తుజా కాశమ్మ ఇంటి గదిలో నడిచే ఆ సంఘానికి కార్యదర్శి. అధ్యక్షురాలు హన్మమ్మ.