మా నాన్న ఊడ్చిన సముద్రం

మా నాన్న నేవీలో పనిచేసిన ఓడ చెక్కది. సముద్రంలో శత్రువులు వదిలిన మైన్లు ఇనుము దగ్గరికొస్తే పేలతాయట, అందుకని చెక్కతో కట్టారు. అది ముందు వెళ్లి మైన్లు వెతికి తీసేస్తే పెద్ద ఓడలు వెనక రావాలి. పట్టుమని పదేళ్లయినా తిరగకుండానే దాన్ని పక్కన పెట్టేశారు. అన్నాళ్లలో దానికి దొరికిన మైన్లు సున్నా. ఈ సున్నా కథ వినని మనిషి వనస్థలిపురంలో మా వీధిలో లేడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. సరిగ్గా బంద్ నాడే నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగ పరీక్ష పడింది. వాయిదా వేస్తారనుకున్నాం, వెయ్యలేదు. నా వయసుకి అదే ఆఖరి ఛాన్సు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పొద్దున్నే ఇద్దరం నడక మొదలుపెట్టాం.

"నువ్విక్కడే ఉండు, నేను ముందెళ్లి చూసొస్తాను," అన్నాడు నాన్న. కోస్తా నుంచి వచ్చినవాళ్లం, మా యాస విని ఎవరేమంటారోనని ఆయన భయం. ప్రతి మలుపు దగ్గరా ఇదే వరస. పోనీ ఒక్కసారి చూసొస్తే సరా? మళ్లీ వెళ్లేవాడు!

"మళ్లీ ఎందుకు నాన్నా?"

"కొన్ని మైన్లు మొదటి ఓడని పోనిస్తాయమ్మా. రెండోదాని కింద పేలతాయి."

"ఇది ఎల్బీనగర్ నాన్నా, సముద్రం కాదు!"

నా తలప్రాణం తోకకొచ్చింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నాన్న అక్కడికీ రెండుసార్లు వెళ్లొచ్చాడు. మూడోసారి బయల్దేరుతుంటే గరిటె పట్టుకున్న ఒకాయన పిలిచాడు.

"ఏంది పెద్దమనిషీ, గట్ల తిరుగుతున్నవ్? ఏం పరేషాన్?"

పరీక్ష సంగతి నేనే చెప్పాను.

"గా ముచ్చట ముందే చెప్పొద్దా! నిన్నెవలాపిండ్రు బిడ్డా? పో, జల్ది పో!"

ఎవరూ ఆపలేదు. మా నాన్నే ఆపాడు. పడుతూ లేస్తూ వెళ్లేసరికి పరీక్ష సెంటర్ గేటు మూసేసి ఐదు నిమిషాలైంది. ఎంత బతిమాలినా తియ్యలేదు.

నడిరోడ్డు మీద నాన్న మీద అరిచేశాను. "ఆ ఓడ ఉన్నన్నాళ్లూ ఒక్క మైనూ దొరకలేదు. ఇవాళా దొరకలేదు. నీ వల్ల ఎవరికేం ఒరిగింది?"

తిరిగొచ్చేటప్పుడు ఆయన నా ముందు నడవలేదు. ఎప్పుడు తిరిగి చూసినా పది అడుగుల దూరంలో, తల దించుకుని నా వెనకే వస్తున్నాడు. ఆగుదామనిపించింది, కోపం ఆగనివ్వలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.